ఆరు పళ్ళ ఆనందం

మా కోటిలంకలో పెళ్ళి రిసెప్షన్‌కి వచ్చినవాళ్ళు మూడు పనులు చేస్తారు. భోజనం చేస్తారు, భోజనంలో వంకలు పెడతారు, ఆ తర్వాత నా దగ్గరకొచ్చి ఫొటో తీయించుకుంటారు. ఆ మూడో పని మీద ఇరవై ఎనిమిదేళ్ళుగా నా ఇల్లు గడుస్తోంది.

నా పేరు వీర్రాజు. నాకు స్టూడియో ఉంది గానీ అది ఒకచోట ఉండదు. రెండు ఇనప స్టాండ్లు, వాటి మధ్య వేలాడే నీలం తెర, గొడుగులు తొడిగిన రెండు లైట్లు, ఒక కెమెరా, ఒక చిన్న ప్రింటరు, ఒక స్టూలు. అన్నీ కలిపి ఒక ఆటోలో పడతాయి. కళ్యాణ మండపంలో చేతులు కడుక్కునే చోటుకీ తాంబూలాల బల్లకీ మధ్య ఏదో ఒక మూల చూసుకుని ఇరవై నిమిషాల్లో దుకాణం తెరుస్తాను. చెయ్యి కడుక్కున్నాయన పంచెకి తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఆయన తాంబూలం పుచ్చుకుని చెప్పులు వెతుక్కునే లోపల ఫొటోని అట్ట ఫ్రేములో పెట్టి చేతికిస్తాను.

మావాళ్ళు ఫొటోలో నవ్వరు. దుఃఖం వల్ల కాదు. ఫొటో అనేది మనిషి పోయాక కూడా గోడ మీద ఉండేది కాబట్టి దాని ముందు పళ్ళికిలించడం మర్యాద కాదని మా పెద్దల నమ్మకం. పనసపొట్టు కూర రెండు మార్లు వడ్డించుకుని, బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుని, స్టూలు దాకా పగలబడి నవ్వుతూ వచ్చిన మనిషి, స్టూలు తగలగానే కోర్టు బోనెక్కినట్టు బిగుసుకుంటాడు. నేను నొక్కుతాను. ఆయన లేచి, నవ్వు ఎక్కడ ఆపాడో అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెడతాడు. ఈ పద్ధతి మీద ఇన్నేళ్ళలో ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు. చివరికి ప్రభుత్వం చేసింది.

ఆ ఏడు పైనుంచి ఆనంద సూచిక అని ఒకటి దిగింది. ఏ ఊళ్ళో జనం ఎంత ఆనందంగా ఉన్నారో కొలిచి వరసలు ప్రకటించారు. ముప్పై ఒక్క పట్టణాల్లో మాది ముప్పయ్యోది. ముప్పై ఒకటో పట్టణం ఆ సమయంలో వరదలో ఉంది. దీన్ని మా పురపాలక సంఘం పరువు తక్కువగా భావించి, ఆనందాభివృద్ధి విభాగం ఒకటి తెరిచి, దానికి చిదంబరేశ్వరరావు గారిని అధికారిగా వేసింది. అంతకు ముందు ఆయన మురుగుకాల్వల విభాగం చూసేవారు. కాల్వలు కదలడం లేదని ఫిర్యాదులు రావడంతో ఆయన్నే అక్కణ్ణించి కదిలించారు. మురుగు కదిలించలేనాయన ఆనందాన్ని ఎలా కదిలిస్తారని ఎవరూ అడగలేదు. అడగడం మా ఊళ్ళో అలవాటు లేదు.

ఒకరోజు నన్ను ఆఫీసుకి పిలిపించారు. మనిషి మంచివాడే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చంకలో ఒక నోటుబుక్కుతో ఉంటారు. ఇంటి దగ్గర ఎలా మాట్లాడతారో తెలియదు గానీ ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఉత్తర్వు చదివినట్టే మాట్లాడతారు.

"మానవుడు అత్యధికముగా ఆనందించు సందర్భము ఏది? పరుల వివాహము. అందునా ఏ ఘడియలో? భోజనానంతరము. ఆ ఘడియలో అతడు ఎవరి ఎదుట కూర్చుండును? మీ ఎదుట. కావున మీ స్టూడియోను సంచార ఆనంద గణన కేంద్రముగా గుర్తించడమైనది," అన్నారాయన.

నాకు ఇష్టం లేకపోతేనో అని అడిగాను. ఇష్టం లేకపోవడం ఆనందం లేకపోవడం కిందికి వస్తుంది కనుక అది కూడా నమోదు చేస్తామన్నారు. మెళ్ళో వేసుకోమని ఒక కార్డు ఇచ్చారు. దాని మీద 'గౌరవ ఆనంద గణకుడు' అని ఉంది. ఇక మీదట ఆ కార్డు ఉన్నవాణ్ణే తప్ప ఏ ఫొటోగ్రాఫరునీ కళ్యాణ మండపాల్లోకి రానివ్వకూడదని ఉత్తర్వు కూడా అప్పుడే చూపించారు. నా కూడు ఆ క్షణం నుంచి ఆ తాడుకి వేలాడింది.

కెమెరాకి తగిలించుకోమని ఒక పెట్టె ఇచ్చారు. అది ఫొటోలో మనిషి పళ్ళు లెక్కపెడుతుంది. ఆరు, ఆపైన కనిపిస్తే ఆకుపచ్చ దీపం, అంటే ఆనందం. మూడు నుంచి అయిదైతే పసుపు, పాక్షిక ఆనందం. అంతకు తక్కువైతే ఎరుపు, విచారం. ఆరే ఎందుకని అడిగాను. నిపుణుల సంఘం సభ్యులు ఒక గదిలో కూర్చుని ఒకర్ని చూసి ఒకరు నవ్వుకుని, కనిపించిన పళ్ళకి సగటు తీశారట.

మొదటి పెళ్ళిలో నాలుగు వందల పన్నెండుమంది నా స్టూలెక్కారు. ముగ్గురికి ఆకుపచ్చ వెలిగింది. ఒకాయన రాబోయే ఎన్నికల్లో నిలబడదామనుకుంటున్నాడు. ఇంకొకాయన పళ్ళ డాక్టరు. మూడోవాడికి పళ్ళు పుట్టుకతోనే పెదాల్లో ఇమడవు.

మిగిలిన నాలుగు వందల తొమ్మిదిమందికీ నోటీసులు వెళ్ళాయి. 'ఫలానా తేదీన జరిగిన వివాహ విందునందు బొబ్బట్టు భుజించిన పిదప కూడ తమ వదనమున ఆనందము లోపించినట్లు గమనించడమైనది. ఏడు దినములలోగా సంజాయిషీ దాఖలు చేయవలెను' అని. ఒకాయన గుత్తివంకాయలో ఉప్పు తక్కువైందని రాసిచ్చాడు. దాని మీద వంటవాడికి నోటీసు పోయింది. ఇంకొకాయన పంక్తిలో పక్కన బావమరిది కూర్చున్నాడని రాశాడు. చిదంబరేశ్వరరావు గారు ఆ ఒక్క సంజాయిషీని మాత్రం చదివిన వెంటనే ఆమోదించారు.

అసలు చిక్కు గంగరాజు తాతతో వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మా ఊళ్ళో ఆయనంత నవ్వే మనిషి లేడు. శాంతకుమారి అనే పేరున్న మేక పొడిచిందని చెప్పి వారం నవ్వాడు. ఫొటోల్లో కూడా నవ్వే ఏకైక కోటిలంక వాసి. కాకపోతే నోట్లో ఒక్క పన్ను లేదు. ఆయన స్టూలెక్కి నోరంతా తెరిచి నవ్వితే, పెట్టె సున్నా లెక్కపెట్టి ఎర్రదీపం వెలిగించింది. నేను ఆరు పళ్ళు కావాలి తాతా అంటే ఆయనకి ఇంకా నవ్వొచ్చింది. మూడు పెళ్ళిళ్ళలో మూడు సున్నాలు వచ్చేసరికి ఆయన్ని 'తీవ్ర విచారగ్రస్తుడు' అని నమోదు చేసి, ధైర్యం చెప్పమని ఇంటికి ఒకమ్మాయిని పంపించారు. ఆ అమ్మాయిని చూసి కూడా నవ్వాడు.

దాంతో పురపాలక సంఘం పళ్ళు లేని వృద్ధుల సౌకర్యార్థం ఒక కట్టుడు పళ్ళ సెట్టు కొంది. ఊరికంతా ఒక్కటే. గోరువెచ్చని ఉప్పునీళ్ళ గిన్నెలో నా స్టూలు పక్కనే ఉంటుంది. ఎవరూ పెట్టుకుని పోకుండా దానికి దారం కట్టారు. తాతకి అది సైజు కుదరలేదు. పెట్టుకుంటే కరవడానికి వచ్చినట్టుండేవాడు. మొట్టమొదటిసారి ఆకుపచ్చ వెలిగింది. ఆ రోజు నుంచి తాత పెళ్ళిళ్ళలో నవ్వడం మానేశాడు.

జనం త్వరగానే అలవాటు పడ్డారు. మావాళ్ళు దేనికైనా అలవాటు పడతారు. అద్దం ముందు లెక్క చూసుకుని వచ్చేవారు. కొందరు కాజా తిని వస్తే పళ్ళ సందుల్లో ఇరుక్కుని పెట్టె తక్కువ లెక్కపెడుతోందని, ఫొటో తీసేదాకా కాజా వడ్డించరాదని ఉత్తర్వు వచ్చింది. అయిదు నెలల్లో మా ఊరు ముప్పయ్యో స్థానం నుంచి పదకొండుకి ఎగబాకింది. చిదంబరేశ్వరరావు గారికి శాలువా కప్పారు.

అంతలో మూఢం వచ్చింది.

మూఢంలో ముహూర్తాలుండవని పసిపిల్లలకీ తెలుసు. కానీ ఆనంద సూచికకి తెలియదు. రెండున్నర నెలలు ఒక్క పెళ్ళి లేదు, ఒక్క రిసెప్షన్ లేదు, నా పెట్టెలో ఒక్క పన్ను పడలేదు. నెలకి నెల కోటిలంక ఆనందం సున్నా అని పైకి వెళ్ళింది. చిదంబరేశ్వరరావు గారు పురోహితులందరినీ పిలిపించి, శుక్రుడు ముందస్తు సమాచారం లేకుండా కనిపించకుండా పోవడానికి బాధ్యులెవరని అడిగారు. పురోహితులు సూర్యుణ్ణి చూపించారు. ఆ ఫైలు అక్కడ ఆగిపోయింది. ఈలోగా ముప్పై ఒకటో ఊళ్ళో వరద తగ్గింది, మేము అట్టడుక్కి చేరాం.

మూఢం వెళ్ళాక వచ్చిన మొదటి ముహూర్తం మా అమ్మాయి వేణిది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను రిసెప్షన్ ఫొటోలే కాదు, అప్పగింతలు రెండు వేలైనా తీసి ఉంటాను. ఇత్తడి గిన్నెలో పాలు పోస్తారు. పెళ్ళికూతురి చేతులు ఆ పాలలో ముంచి, తండ్రి తీసుకెళ్ళి అత్తమామల చేతుల్లో పెడతాడు. పొద్దుటి నుంచీ షామియానా వాడి మీద అరుస్తూ, పెరుగు పలచనైందని వంటవాడితో తగాదా పడుతూ తిరిగిన మనిషి, ఆ తడి చెయ్యి పట్టుకోగానే చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు. నేను దగ్గరికి జరిగి ఫోకస్ సరిచేసుకుని నొక్కుతాను. ఆ రెండు వేల మందిలో ఒక్క తండ్రికి కూడా నేను ఓదార్పు మాట చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఏడుస్తాను కదా, అప్పుడు సరిపోతుందిలే అనుకునేవాణ్ణి.

మేం పంచిన శుభలేఖ పట్టుకుని చిదంబరేశ్వరరావు గారే మా ఇంటికి వచ్చారు. పైనుంచి ముగ్గురు సభ్యుల తనిఖీ బృందం ఈ పెళ్ళికే వస్తోందని, కోటిలంక భవిష్యత్తు దీని మీదే ఆధారపడి ఉందని చెప్పారు. నూటికి నూరు శాతం ఆనందం నమోదు కావాలి. రిసెప్షన్‌కి ఢోకా లేదు. కానీ ఆ వెంటనే జరిగే అప్పగింతల్లో అందరూ ఏడ్చి, సాయంత్రం అంతా పోగుచేసిన ఆనందాన్ని నేలపాలు చేస్తున్నారు. కనుక ఈ పెళ్ళి నుంచి అప్పగింతల్లో ఏడుపు నిషేధం. గణకుడే స్వయంగా పెళ్ళికూతురి తండ్రి కనుక అతని కంట తడి కనిపిస్తే కార్డు రద్దు.

మా ఆవిడ పాపరత్నం మజ్జిగ గ్లాసు ఆయన చేతికివ్వబోయి ఆగిపోయింది.

"ఏడవకుండా పిల్లని సాగనంపితే పీడా వదిలిందనుకున్నారంటారండి ఊళ్ళోవాళ్ళు. రేపు అత్తారింట్లో దానికేం విలువ ఉంటుందండి?"

ఈ ప్రశ్నకి ఆయన నోటుబుక్కులో గడి లేదు. మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయారు. మర్నాడు వియ్యపురాలు సూర్యావతి గారికీ సంగతి తెలిసి ఫోన్ చేసింది. పుట్టింటికే ఏడవని పిల్ల మెట్టింటికేం అంటుకుంటుందని ఆవిడ సందేహం. ఆ సందేహాన్ని ఆవిడ ఆనందాభివృద్ధి విభాగానికి కూడా ఫోన్ చేసి అరగంట సేపు చెప్పిందని తర్వాత తెలిసింది.

మూడు రోజులు పురపాలక సంఘం కూర్చుంది. నాలుగో రోజు సర్క్యులర్ వచ్చింది. కన్నీరు రెండు రకాలని, అందులో ఆనందబాష్పాలు ఆనందం కిందికే వస్తాయని, కనుక అప్పగింతల్లో ఆనందబాష్పాలు రాల్చవచ్చునని అందులో ఉంది. అయితే అవి ఆనందబాష్పాలేనని రుజువు కావాలి. రుజువు ఏమిటంటే, కన్నీరు కారుతున్న సమయంలో కనీసం ఆరు పళ్ళు కనిపించాలి. దానితో పాటు 'ఈ కన్నీరు ఆనందముతో కూడినదేనా' అని అధికారి అడిగినప్పుడు అవునని వాంగ్మూలం ఇవ్వాలి.

పురపాలక సమావేశ మందిరంలో మా ముగ్గురికీ రిహార్సల్ పెట్టారు. పాపరత్నం ఆరు పళ్ళు చూపిస్తూ ఏడవడానికి ప్రయత్నించింది. ఆవిడ మొహం చూసి ఒక గుమాస్తా లేచి పరిగెత్తుకెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. నేను పళ్ళు చూపిస్తే నీళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చుకుంటే పళ్ళు కనిపించలేదు. నా పక్కన 'అభ్యాసము చాలదు' అని రాసుకున్నారు. వేణికి మాత్రం మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వు ఆగలేదు. 'వధువు ప్రగతి సంతృప్తికరము' అన్నారు చిదంబరేశ్వరరావు గారు.

తిరిగి ఇంటికి నడుస్తుంటే వేణి నా పక్కకి వచ్చింది. వాళ్ళమ్మకి వినపడకుండా మెల్లగా మాట్లాడింది.

"నాన్నా, నువ్వు అస్సలు ఏడవకు. ఆ కార్డు పోతే నువ్వూ అమ్మా ఏం తింటారు? నేనెలాగూ నవ్వుతానులే, నువ్వు నన్ను చూసి నవ్వెయ్."

నేను సరేనన్నాను. అప్పటికి అది పెద్ద కష్టమనిపించలేదు.

పొద్దున్న ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్. నా కూతురి పెళ్ళికి నేనే తెర కట్టాను. ఆరు వందల పద్నాలుగుమంది నా స్టూలెక్కారు. ఆరు వందల పద్నాలుగు ఆకుపచ్చలు. దారం కట్టిన పళ్ళ సెట్టు పదకొండు నోళ్ళు తిరిగి ఉప్పునీళ్ళలోకి చేరింది. తనిఖీ బృందం ముగ్గురూ సోఫాలో కూర్చుని కాజాల పళ్ళెం వంక చూస్తూ తినడానికి లేదు కనుక ఊరుకున్నారు. చిదంబరేశ్వరరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. వంద శాతం ఆయనకి ఒక్క అడుగు దూరంలో ఉంది.

అప్పగింతలకి పాలగిన్నె తెచ్చారు. నా స్టూడియో తెర ముందే జరపాలని ఉత్తర్వు. నేను కెమెరాని స్టాండు మీద బిగించి, దూరం నుంచి నొక్కే బటన్ ఎడమచేతి గుప్పిట్లో పెట్టుకుని, మొట్టమొదటిసారి కెమెరాకి అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. పాపరత్నం ఒక పక్క, వేణి ఒక పక్క, ఎదురుగా సూర్యావతి గారు. చిదంబరేశ్వరరావు గారు ఫారం విప్పారు.

ముందు పాపరత్నాన్ని అడిగారు. ఆవిడ నా వంక చూసింది. నేను తలూపాను. అవునండి అంది, ఆరు పళ్ళతో.

వేణి చేతులు పాలలో ముంచాను. అది నన్ను చూసి నవ్వుతోంది, రిహార్సల్లో చెప్పినట్టే, లెక్క తప్పకుండా. నేనూ పళ్ళు చూపించాను. బాగానే సాగుతోంది. అంతలో దాని చేతి నుంచి పాలచుక్కలు నా మణికట్టు మీద పడ్డాయి. అది కొంగు తీసి నా చెయ్యి తుడిచింది. చిన్నప్పుడు తడిచేతుల్తో వచ్చి నా ప్రింట్లన్నీ ముట్టుకునేది. ముట్టుకోకముందే పట్టుకుని దాని చేతులు నేను తుడిచేవాణ్ణి. ఒక్కో వేలూ తుడవాలి, లేకపోతే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు అది నా వేళ్ళు ఒక్కొక్కటే తుడుస్తోంది.

"ఈ కన్నీరు ఆనందముతో కూడినదేనా?" అన్నారు చిదంబరేశ్వరరావు గారు. అప్పటికి గానీ నాకు తెలియలేదు నేను ఏడుస్తున్నానని.

"లేదండి."

"అవును అని చెప్పిన చాలును."

"కాదండి. పిల్ల వెళ్ళిపోతోందండి," అన్నాను.

వేణి నవ్వు అక్కడితో అయిపోయింది. నా భుజం మీద పడి ఏడ్చింది. పాపరత్నం ఇచ్చిన వాంగ్మూలం ఏమైందో గానీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. సూర్యావతి గారు ఊరట చెందినట్టు తనూ ముక్కు ఎగబీలుస్తూ వెనక్కి తిరిగింది. నా గుప్పిట్లో బటన్ దానంతటదే నలిగి ఒక్క ఫొటో పడింది. అందులో పెట్టెకి దొరికిన మొహం నాది ఒక్కటే. నోరు మూసుకుని ఉన్నాను. ఎర్రదీపం వెలిగింది.

చిదంబరేశ్వరరావు గారు వచ్చి నా మెళ్ళో కార్డు తీసుకున్నారు. ముడి విప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

వేణి వెళ్ళిపోయింది. నెలన్నర రోజులు నేను ఇంట్లో కూర్చున్నాను. పాపరత్నం ఒక్కనాడు కూడా నన్ను ఎందుకలా అన్నావని అడగలేదు, పైగా మధ్యాహ్నం పప్పులో నెయ్యి ఎక్కువ వేసేది. ఊళ్ళో పెళ్ళిళ్ళకి పొరుగూరి నుంచి ఎవరో వచ్చి తెర కడుతున్నారని విన్నాను.

తర్వాత ఫలితాలు వచ్చాయి. పదిహేడు పట్టణాలు నూటికి నూరు శాతం ఆనందం పంపించాయట. పెళ్ళింట్లో ఒక్కడైనా ఏడవకుండా ఉండడం అసంభవమని, అవన్నీ దొంగలెక్కలని తనిఖీ బృందం కొట్టేసింది. ఆరు వందల పద్నాలుగుమంది ఆనందించగా ఒక్కడు మాత్రం విచారించిన కోటిలంక లెక్కను 'విశ్వసనీయమైన ఆనందము' అని మెచ్చుకుని ప్రథమ స్థానం ఇచ్చింది. చిదంబరేశ్వరరావు గారికి రెండో శాలువా వచ్చింది.

ఆయన మళ్ళీ మా ఇంటికి వచ్చారు. ఈసారి మజ్జిగ తాగారు. ఇక మీదట ప్రతి వివాహానికీ ఒక విచారగ్రస్తుడు ఉండి తీరాలని, ఒకరికి తక్కువా కూడదు, ఎక్కువా కూడదని కొత్త ఉత్తర్వు చదివి, నా కార్డు నాకిచ్చారు. గౌరవ ఆనంద గణకుడు అన్న దాని కింద ఇంకో వరస చేర్చారు: 'మరియు అధీకృత విచారగ్రస్తుడు.'

అలా నాకు మళ్ళీ పని దొరికింది. రిసెప్షన్‌లో ఫొటోలు తీస్తాను, అప్పగింతల్లో పెళ్ళికూతురి తండ్రి తరఫున ఏడుస్తాను. ఆయన నా పక్కన ఆరు పళ్ళు చూపిస్తూ నిలబడతాడు. ఇంకెవరూ ఏడవకూడదు కదా, ఏడిస్తే లెక్క తప్పుతుంది. మొదటిసారి ఎలా ఏడవాలా అని భయపడ్డాను. పాలగిన్నె కనిపించగానే ఆ ఇబ్బంది లేకపోయింది.

ఇబ్బంది ఆ తండ్రులకి వచ్చింది. రెండో పెళ్ళిలోనే పెళ్ళికూతురి తండ్రి, గట్టి రైతు మనిషి, నేను కళ్ళు తుడుచుకుంటుంటే మెల్లగా నా పక్కకి వచ్చాడు.

"వీర్రాజు గారూ, ఆ తెర వెనకాల కూడా కెమెరా ఏమన్నా ఉంటదాండి?"

వెనకాల గోడ తప్ప ఏమీ లేదన్నాను. ఆయన చుట్టూ ఒకసారి చూసి తెర వెనక్కి వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ షామియానా వాడి మీద అరవడానికి వెళ్ళాడు. తర్వాతి పెళ్ళిలో ఒక తల్లి వెళ్ళింది. ఆ తర్వాత ఒక అన్నగారు. గంగరాజు తాత కూడా వెళ్ళాడు. పళ్ళ సెట్టు తీసి నా చేతికిచ్చి, లోపలికెళ్ళి తనివితీరా నవ్వుకుని వచ్చాడు. అంతమంది గోడకి ఆనుకుని నిలబడడం చూడలేక నేను ఇంకో స్టూలు కొని తెర వెనక వేశాను. ఇప్పుడు ఆటోలో రెండు స్టూళ్ళు పడుతున్నాయి.

మొన్న మాఘంలో చిదంబరేశ్వరరావు గారి అమ్మాయి పెళ్ళి అయింది. ఒక్కతే కూతురు. ఆదర్శంగా ఉండాలని ఆయన ఎనిమిది పళ్ళు చూపించారు. పాలలో ముంచిన చెయ్యి వియ్యంకుడి చేతిలో పెట్టేటప్పుడు కూడా ఎనిమిదీ అలాగే ఉన్నాయి. పక్కన నిలబడి ఆయన తరఫున నేను ఏడ్చాను. లెక్క సరిపోయింది. అమ్మాయి కారెక్కింది, కారు వీధి మలుపు తిరిగింది.

ఆయన నోటుబుక్కు తెరుచుకుంటూ నేరుగా నా దగ్గరకి వచ్చారు. నేను తెర ముందు లైట్లు సర్దుతున్నాను.

"మీ సామగ్రి జాబితాలో స్టూలు ఒకటి మాత్రమే ఉన్నది. ఆటో నుండి రెండు దిగినట్లు మా దృష్టికి వచ్చినది. రెండవది ఎక్కడ?" అన్నారు. పళ్ళింకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆపడం మరిచిపోయినట్టున్నారు.

తెర వెనక ఉందన్నాను.

"తనిఖీ చేయవలసి ఉన్నది," అన్నారు.

వెళ్ళారు. నేను వచ్చినవాళ్ళకి లైటు వేడెక్కిందని చెప్పి కాసేపు ఎవర్నీ స్టూలెక్కనివ్వలేదు. తెర రెండు మూడుసార్లు కదిలింది. కదిలినప్పుడల్లా నేను ఇనప స్టాండుని పట్టుకుని నిలబడ్డాను.

పావుగంటకి బయటికి వచ్చారు. కండువాతో మొహం తుడుచుకుని, నోటుబుక్కు నా ప్రింటరు మీద పెట్టుకుని నిలబడే రాశారు. 'రెండవ స్టూలు తనిఖీ చేయడమైనది. సక్రమముగా ఉన్నది. మరొకటి అవసరము.' కింద సంతకం పెట్టి, తేదీ వేసి, భార్యని పిలుచుకు రావడానికి లోపలికి వెళ్ళారు.